చూశాడు... కానీ కనబడలేదు!

నేను తొమ్మిదో తరగతి చదివే రోజుల్లో జరిగిన సంగతి ఇది. మా బాబాయి స్కూటరు వెనక కూర్చుని పక్క ఊరి సంతకు వెళుతున్నాను. పట్టపగలు. వాన లేదు, మంచు లేదు, రోడ్డు మీద రద్దీ కూడా లేదు. ఎడమవైపు నుంచి ఒక మట్టిరోడ్డు వచ్చి మా రోడ్డులో కలిసేచోట ఒక కారు ఆగి ఉంది. అందులోని డ్రైవరు తల తిప్పి మా వైపు చూశాడు. ఆయన చూడడం నేను కూడా చూశాను. చూసిన మనిషి ఏం చేయాలి? మేము దాటేవరకు ఆగాలి. ఆయన మాత్రం తాపీగా కారును రోడ్డు మీదికి తెచ్చేశాడు!

బాబాయి రెండు బ్రేకులూ గట్టిగా నొక్కాడు. స్కూటరు కీచుమంటూ జారి, కారు తలుపుకు జానెడు దూరంలో ఆగింది. నా ముక్కు బాబాయి వీపుకు కొట్టుకుని రక్తం వచ్చింది. అంతకుమించి ఎవరికీ ఏమీ కాలేదు. డ్రైవరు దిగి వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది. “నిజంగా కనబడలేదండీ, ఒట్టు!” అన్నాడు.

“కనబడకపోవడమేమిటయ్యా! ఇద్దరం మనుషులం, ఇంత స్కూటరు, ఎదురుగా వస్తుంటే! నీ కళ్ళేమైనా సంతకు పోయాయా?” అని బాబాయి కేకలేశాడు.

ఆ మనిషి అబద్ధమాడుతున్నాడనే నేనూ అనుకున్నాను. చాలా ఏళ్ళ తరవాత, కన్ను ఎలా పనిచేస్తుందో చదువుతున్నప్పుడు నాకు మొదటిసారి అనుమానం వచ్చింది. పాపం, ఆయన నిజమే చెప్పాడేమో!

ఆ మాట అన్నవాడు ఆయన ఒక్కడే కాదు. అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో హ్యారీ హర్ట్ అనే పరిశోధకుడు ఉండేవాడు. ఆయనా, ఆయన బృందమూ లాస్ ఏంజలస్ ప్రాంతంలో సుమారు 900 మోటారు సైకిలు ప్రమాదాలను, జరిగిన చోటికే వెళ్ళి పరిశీలించారు. 1981లో వెలువడిన వారి నివేదిక ఇప్పటికీ ఈ రంగంలో పేరున్నదే. మోటారు సైకిలు మరో వాహనంతో ఢీకొన్న ప్రమాదాల్లో మూడింట రెండు వంతులు, ఆ రెండో వాహనం దారి ఇవ్వకుండా అడ్డు రావడం వల్లే జరిగాయని వారు తేల్చారు. ఎందుకు అడ్డు వచ్చారయ్యా అంటే, మోటారు సైకిలును చూడనే లేదనో, చూసేసరికి ఆలస్యమైందనో జవాబు. మన బాబాయి కథే అన్నమాట!

మరి కళ్ళు తెరిచి, తల తిప్పి చూసినా ఒక మనిషి కనబడకపోవడం ఎలా సాధ్యం? రండి, అద్దం ముందుకు వెళదాం.

అద్దం చెప్పే రహస్యం

అద్దానికి దగ్గరగా నిలబడి మీ ఎడమ కన్నును చూడండి. ఇప్పుడు తల కదపకుండా కుడి కన్నును చూడండి. మళ్ళీ ఎడమ కన్ను. మళ్ళీ కుడి. మీ కళ్ళు కదులుతున్నాయి కదా! ఆ కదలిక మీకు కనిపించిందా? ఎన్నిసార్లు ప్రయత్నించినా కనిపించదు. ఇప్పుడు మీ చెల్లెలినో తమ్ముణ్ణో పక్కన నిలబెట్టి మీ కళ్ళను చూడమనండి. “ఇదుగో, ఇటూ అటూ గెంతుతున్నాయి” అని వెంటనే చెబుతారు. అందరికీ కనిపించేది మీకు మాత్రమే కనిపించదు!

మన కన్ను సినిమా కెమెరాలాగా చుట్టూ మెల్లగా తిరగదు. కప్పలాగా గెంతుతుంది. ఒకచోట ఆగి చూస్తుంది, గెంతుతుంది, మరోచోట ఆగి చూస్తుంది. సెకండుకు మూడు నాలుగు గెంతులు మామూలే. గెంతే సమయంలో దృశ్యమంతా అలికినట్టు చెదిరిపోవాలి. అలా కనబడితే మనకు కళ్ళు తిరుగుతాయి. అందుకని మెదడు ఆ కాస్త సేపూ చూపును అణచివేస్తుంది. ఆ సందును ముందూ వెనకా చూసిన దృశ్యాలతో పూడ్చేస్తుంది. ఎంత బాగా పూడుస్తుందంటే, అక్కడ ఒక సందు ఉందనే సంగతే మనకు తెలియదు.

కూడలి దగ్గర తొందరలో ఉన్న డ్రైవరు ఏం చేస్తాడు? చటుక్కున కుడికి, చటుక్కున ఎడమకు తల తిప్పుతాడు. అతని చూపు నాలుగైదు చోట్ల మాత్రమే ఆగుతుంది. లారీ అయితే ఆ చోట్లలో ఎక్కడో ఒకచోట తప్పక పడుతుంది. సన్నగా ఉండే మోటారు సైకిలు రెండు ఆగుళ్ళ మధ్య పడిపోవచ్చు. అప్పుడు అతని మెదడులో తయారైన బొమ్మలో ఖాళీ రోడ్డే ఉంటుంది.

ఆగిన చోటనైనా కన్ను అంతా స్పష్టంగా చూస్తుందనుకోకండి. ఈ పేజీలో ఏదో ఒక అక్షరం మీద చూపు నిలిపి, దాన్ని కదపకుండా నాలుగు వరసల కింద ఏముందో చదవడానికి ప్రయత్నించండి. చదవలేరు. చేయి బారుగా చాపి బొటనవేలి గోరును చూస్తే, ఆ గోరు ఆక్రమించినంత మేర మాత్రమే మన చూపు నిజంగా పదునుగా ఉంటుంది. మిగతాది అంతా మసకే! విమానం నడిపేవారికి ఆకాశాన్ని ఒక్క ఊపులో చూడకూడదని, చిన్న చిన్న ముక్కలుగా చేసి ఒక్కో ముక్క దగ్గర ఆగి చూడాలని ప్రత్యేకంగా నేర్పుతారు. కారు నడిపేవారికి ఈ పాఠం ఎవరు చెబుతారు?

బొటనవేలి వెనక మోటారు సైకిలు

ఇప్పుడు మైదానంలోకి పదండి. మీ స్నేహితుణ్ణి 30 పెద్ద అంగల దూరంలో నిలబెట్టండి. ఒక కన్ను మూసి, చేయి చాపి, బొటనవేలు అతనికి అడ్డంగా పెట్టండి. స్నేహితుడు మాయం! లెక్క కూడా సులభమే. 2 సెంటీమీటర్ల వేలు కంటికి 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, 30 మీటర్ల దూరంలో ఒక మీటరు వెడల్పును కప్పేస్తుంది. మోటారు సైకిలు మీద మనిషి వెడల్పు అంతకంటే తక్కువే.

కారు ముందు అద్దానికి అటూ ఇటూ పైకప్పును మోసే స్తంభాలుంటాయి, గమనించారా? అవి బొటనవేలికంటే బాగా లావు. మన దేశంలో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు కాబట్టి కుడి స్తంభం అతని మొహానికి మరీ దగ్గర. రెండు కళ్ళూ ఉన్నాయి గనక స్తంభం కప్పే మేర కొంత తగ్గుతుంది. అయినా ఒక మోటారు సైకిలును దాచడానికి చాలు.

“స్తంభం వెనక ఒక్క క్షణం ఉంటుంది, తరవాత బయటికి వస్తుంది కదా” అంటారేమో. ఇక్కడే అసలు చిక్కుంది. కారూ మోటారు సైకిలూ రెండూ కదులుతూ, రెండూ ఒకే చోటికి ఒకే సమయానికి చేరబోతున్నాయనుకోండి. అప్పుడు డ్రైవరుకు ఆ మోటారు సైకిలు ఎప్పుడూ ఒకే దిక్కున ఉంటుంది. అద్దం మీద పక్కకు జరగదు. స్తంభం వెనక ఉంటే స్తంభం వెనకే ఉండిపోతుంది. ఓడ నడిపేవారికి ఇది ఏనాటి నుంచో తెలుసు. దూరాన కనిపించే మరో ఓడ దిక్కు మారకుండా అలాగే దగ్గరవుతూ ఉంటే, అది మనల్ని ఢీకొనబోతోందని వారి లెక్క. చిత్రమేమిటంటే, కదిలే వస్తువు కంటి చివరనైనా ఇట్టే పట్టుబడుతుంది. కదలనట్టు కనిపించేదే తప్పించుకుంటుంది. అంటే, మనకు ఎక్కువ అపాయం తెచ్చే వాహనమే మన కంటిని తక్కువగా పిలుస్తుందన్నమాట!

నడిపేవారు దీన్ని ఎదుర్కోవడానికి ఒక ఉపాయం ఉంది. కూడలికి దూరంగా ఉన్నప్పుడే, వెనకా పక్కలా ఎవరూ లేరని చూసుకుని, తమ వరసలోనే కాస్త ఇటునుంచి అటు మెల్లగా జరుగుతారు. దాంతో దిక్కు మారుతుంది, స్తంభం చాటు వదులుతుంది, డ్రైవరు కంటికి కదలిక అందుతుంది. మన రోడ్ల మీద కొందరు కుర్రాళ్ళు పాములా మెలికలు తిరుగుతూ పోతుంటారే, అది మాత్రం ఈ ఉపాయం కాదు సుమా!

దూరంగా ఉందనుకుంటే...

సరే, డ్రైవరు మోటారు సైకిలును చూశాడే అనుకుందాం. అది ఎంత వేగంగా వస్తోందో అతనికి ఎలా తెలుస్తుంది? ఎదురుగా వచ్చే వస్తువు వేగాన్ని మనం దాని బొమ్మ ఎంత తొందరగా పెద్దదవుతోందో చూసి అంచనా వేస్తాం. మోటారు సైకిలు గంటకు 60 కి.మీ. వేగంతో వస్తోందనుకోండి. 100 మీటర్ల నుంచి 50 మీటర్లకు రావడానికి 3 సెకండ్లు పడుతుంది. ఆ మూడు సెకండ్లలో దాని బొమ్మ రెట్టింపవుతుంది. మళ్ళీ రెట్టింపు కావడానికి ఒకటిన్నర సెకండు. ఆపైన ముప్పావు సెకండు. మొదట్లో ఎదుగూ బొదుగూ లేనట్టుండి, చివర్లో ఒక్కసారి మీదికి ఉరికినట్టు కనిపిస్తుంది. లారీ దూరాన ఉన్నా బొమ్మ పెద్దదే కాబట్టి పెరుగుదల తెలుస్తుంది. మోటారు సైకిలు మొదట ఒక నల్లపూస. రెట్టింపైతే రెండు నల్లపూసలు! రెండూ ఒకే వేగంతో వస్తున్నా, లారీ ముందొస్తుందనీ మోటారు సైకిలు ఇంకా ఆలస్యంగా వస్తుందనీ మన మనసు అనుకుంటుంది. ఎదురుగా వస్తూ కుడివైపుకు తిరగబోయే కారు “దాటెయ్యొచ్చులే” అని మన ముందుకు వచ్చేసేది ఇందుకే.

మనసు సంగతి వచ్చింది గనక ఇంకొకటి. 1999లో ఇద్దరు అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞులు, డేనియల్ సైమన్స్, క్రిస్టఫర్ చాబ్రిస్ అనేవారు, ఒక సరదా ప్రయోగం చేశారు. బంతిని ఒకరికొకరు అందించుకునే ఆటగాళ్ళ చిత్రాన్ని చూపించి, బంతి ఎన్నిసార్లు చేతులు మారిందో లెక్కపెట్టమన్నారు. మధ్యలో గొరిల్లా వేషం వేసుకున్న ఒక మనిషి ఆటగాళ్ళ నడుమకు వచ్చి, గుండెలు బాదుకుని వెళ్ళిపోయాడు. చూసినవారిలో దాదాపు సగం మంది గొరిల్లాను గమనించనే లేదు! మనం దేనికోసం వెతుకుతామో అదే కనబడుతుంది. బస్సు వస్తోందా, లారీ వస్తోందా అని వెతికే డ్రైవరుకు మోటారు సైకిలు ఆ గొరిల్లా లాంటిదే. ఇక చేతిలో సెల్‌ఫోను కూడా ఉందంటే, నిజం గొరిల్లా వచ్చినా కనబడదు.

దూరమంటే కాలమే

ఎదుటివాడి కళ్ళను మనం మార్చలేం. మరి మన చేతిలో ఉన్నదేమిటి? హర్ట్ నివేదికలో ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. అపాయం మొదలైన క్షణం నుంచి ఢీకొనేవరకు నడిపేవాడికి దొరికే సమయం సాధారణంగా రెండు సెకండ్లకన్నా తక్కువ! అందులోనే చూడాలి, గ్రహించాలి, బ్రేకు వేయాలి.

బాబాయి స్కూటరు ముసలిది. ఆ రోజు గంటకు 36 కి.మీ. మించి పోవడం లేదనుకుంటాను. అంటే సెకండుకు 10 మీటర్లు. అపాయం గ్రహించి బ్రేకు మీద చేయి పడడానికి ఒక సెకండు అనుకుందాం. ఈలోగా బండి 10 మీటర్లు ఏమీ ఎరగనట్టు సాగిపోతుంది. తరవాత పొడిగా ఉన్న మంచి రోడ్డు మీద బ్రేకులు సెకండుకు 5 మీటర్ల వేగం తగ్గిస్తూ పోతే, ఆగడానికి మరో 10 మీటర్లు. మొత్తం 20 మీటర్లు. అదే గంటకు 54 కి.మీ. అయితే? ముందు 15 మీటర్లు, బ్రేకు మీద ఇరవై రెండున్నర, మొత్తం ముప్పయి ఏడున్నర మీటర్లు. 72 కి.మీ. అయితే 20, 40 కలిపి 60 మీటర్లు! వేగం రెట్టింపు, దూరం మూడింతలు. బ్రేకు దూరం వేగపు వర్గాన్నిబట్టి పెరుగుతుంది గనక ఇలా జరుగుతుంది.

ఇక్కడితో ఆగకండి, ఇంకో లెక్క చేయండి. 36తో వచ్చిన స్కూటరు 20 మీటర్ల దగ్గర ఆగిపోయింది కదా. ఆ రోజు బాబాయి 54తో వచ్చి ఉంటే, సరిగ్గా ఆ చోట వేగం ఎంత ఉండేది? సున్నా కాదు, 18 కూడా కాదు. గంటకు దాదాపు 48 కి.మీ.! 15 మీటర్లు ఊరికే పోగా, బ్రేకు పనిచేయడానికి మిగిలింది 5 మీటర్లే మరి. ఈ లెక్క చేసిన రోజున నాకు ఒళ్ళు జలదరించింది. మేము జానెడు దూరంలో బతికామని అనుకున్నాను ఇన్నాళ్ళూ. నిజానికి మమ్మల్ని బతికించింది ఆ స్కూటరు ముసలితనం!

తెలిసి నడిపేవారు కూడలి రాగానే వేగం తగ్గించి, వేళ్ళు బ్రేకు మీద ముందే ఉంచుతారు. అలా ఉంచి ఐదోవంతు సెకండు మిగుల్చుకున్నా, 54 కి.మీ. వేగంలో 3 మీటర్లు కలిసివచ్చినట్టు. బ్రేకు వేసినప్పుడు జడత్వం వల్ల బరువు ముందు చక్రం మీదికి వాలుతుంది. కాబట్టి బండిని ఆపే శక్తిలో ఎక్కువ పాలు ముందు బ్రేకుదే. “ముందు బ్రేకు వేస్తే పల్టీ కొడతాం” అని దాన్ని ముట్టుకోనివారు మన ఊళ్ళలో చాలామంది. వారి బండి ఆగడానికి చాలా ఎక్కువ దూరం పడుతుంది. రెండూ కలిపి, ఒక్కసారి గుంజకుండా, క్రమంగా బలం పెంచుతూ వేయాలి. ఇసుక, బురద, రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, తొలకరి వానకు జిడ్డెక్కిన తారు ఉన్నచోట ఘర్షణ తక్కువ. అక్కడ మన లెక్కలేవీ చెల్లవు.

మరొక మంచి అలవాటు ఎదుటి డ్రైవరు మొహాన్ని కాక, అతని కారు ముందు చక్రాన్ని చూడడం. మొహం మన వైపు తిరిగి ఉన్నంత మాత్రాన చూసినట్టు కాదని మనకిప్పుడు తెలుసు. చక్రం ఒక్క బెత్తెడు దొర్లినా అది స్పష్టంగా కనబడుతుంది. అది అబద్ధం చెప్పదు.

లారీలూ బస్సుల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. డ్రైవరు ఎత్తున కూర్చుంటాడు. బండి ముక్కుకు ఆనుకుని ఉన్న చోటు, ఎడమ పక్క, వెనక భాగం అతనికి దాదాపు కనబడవు. లారీ పక్కనున్న అద్దంలో డ్రైవరు మొహం మీకు కనబడకపోతే, మీరూ అతనికి కనబడరు. కాంతి వచ్చిన దారినే తిరిగి వెళుతుందని చదువుకున్నారుగా! ఇక ఆటో ఎక్కడ ఆగుతుందో ఆటోవాడికి కూడా ముందు తెలియదు. చేయెత్తిన ప్రయాణికుడి కోసం చూస్తే మనకు తెలిసిపోతుంది. ఆగిన కారులో మనుషులుంటే తలుపు తెరుచుకోవచ్చు. రాత్రివేళ వెనక దీపం లేని ట్రాక్టరు ట్రాలీ అన్నిటికన్నా చెడ్డది. డిమ్ లైటులో నల్లటి వస్తువు ముప్పయి నలభై మీటర్లకు మించి సరిగా ఆనదు. పైన 54 కి.మీ.కు వచ్చిన దూరంతో దీన్ని పోల్చి చూసుకోండి.

మన దేశంలో 2017 ఏప్రిల్ నుంచి కొత్త మోటారు సైకిళ్ళకు, స్కూటర్లకు పగలు కూడా ముందు లైటు దానంతటదే వెలుగుతోంది. దారిన పోయేవారు వేళ్ళు ముడిచి విప్పుతూ “లైటు ఆర్పుకో” అని సైగ చేసేవారు, ఇప్పటికీ చేస్తుంటారు. వారికి ఈ అద్దం ప్రయోగం చెప్పండి.

తల మీదిది

ఆ రోజు మా ఇద్దరి తలల మీదా ఏమీ లేదు. ఆ ఊసు ఇప్పుడు చెబుతాను. ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’గా పేరుపొందిన టి. ఇ. లారెన్స్ 1935 మే 13న ఇంగ్లండులో మోటారు సైకిలు మీద వెళుతున్నాడు. రోడ్డు పల్లంలోకి దిగిన చోట ఎదురుగా సైకిళ్ళ మీద ఇద్దరు కుర్రాళ్ళు. చివరిదాకా ఒకరికొకరు కనబడలేదు. వారిని తప్పించబోయి పడి, తలకు దెబ్బ తగిలి, ఆరు రోజుల తరవాత చనిపోయాడు. అతనికి వైద్యం చేసినవారిలో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడు ఉన్నాడు. ఆ చావు ఆయన మనసులో నిలిచిపోయింది. యుద్ధకాలంలో మోటారు సైకిళ్ళ మీద వార్తలు మోసే సైనికుల తల గాయాలను పరిశీలించి, హెల్మెట్ ఎంత మేలు చేస్తుందో 1941లో ప్రచురించాడు. ఆ ఏడాదే బ్రిటిష్ సైన్యం ఆ సైనికులకు హెల్మెట్ తప్పనిసరి చేసింది.

హెల్మెట్‌లో అసలు పనిచేసేది పైనున్న గట్టి చిప్ప ఒక్కటే కాదు. లోపల థర్మోకోల్ లాంటి దట్టమైన పొర ఉంటుంది. ఆగి ఉన్న బండి మీంచి ఒరిగి పడినా, మీటరున్నర ఎత్తు నుంచి తల నేలను చేరేసరికి వేగం గంటకు 19 కి.మీ. దాటుతుంది. ఉత్త తల అయితే ఆ వేగమంతా రెండు మూడు మిల్లీమీటర్లలో ఆగాలి. పొర ఉంటే అది రెండున్నర సెంటీమీటర్ల మేర నలుగుతూ ఆపుతుంది. ఆగే దూరం పదింతలైతే తల మీద పడే బలం పదో వంతు. ఒకసారి నలిగిన పొర మళ్ళీ ఉబ్బదు. గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపించినా పారేయాలి.

మీకు బండి నడిపే వయసు ఇంకా రాలేదు. కానీ వెనక కూర్చునేది మీరే కదా! మన మోటారు వాహనాల చట్టం ప్రకారం నాలుగేళ్ళు దాటిన ప్రతివారికీ, వెనక కూర్చున్నా సరే, హెల్మెట్ ఉండాలి. ఐ.ఎస్.ఐ. గుర్తు చూసి, మీ తలకు సరిపోయేది కొనమనండి. నాన్నగారి పాత హెల్మెట్ మీ తల మీద గిలకలా తిరుగుతుంటే అది ఉన్నా లేనట్టే. పట్టీ బిగించాక గడ్డం కింద ఒకటి రెండు వేళ్ళు మాత్రమే దూరాలి. రెండు చేతులతో హెల్మెట్‌ను వెనకనుంచి ముందుకు నెట్టి చూడండి. ఊడి వచ్చిందా, పట్టీ వదులుగా ఉన్నట్టే.

ఈ సంగతులన్నీ ఈమధ్య బాబాయికి చెప్పాను. అద్దం ముందు నిలబెట్టి ప్రయోగం కూడా చేయించాను. ఆయన చాలాసేపు ఇటూ అటూ చూసుకుని, “అయితే ఆ రోజు వాణ్ణి ఊరికే తిట్టానంటావా?” అన్నాడు. కాసేపాగి, “తిట్టినా తప్పులేదులే, రెండోసారి చూడొచ్చుగా!” అన్నాడు. ఇప్పటికీ ఆ మట్టిరోడ్డు దగ్గరికి వస్తే, అక్కడ కారున్నా లేకపోయినా, ఆయన బండి 30కి దిగుతుంది.